షాబాద్‌కు పోయిన బర్రె, మేకుకు మిగిలిన పలుపు

మొయినాబాద్‌లో నేను కూరగాయలు తరిగే రిసార్టుకు హాంకాంగ్ నుంచి ఒక పెద్ద వంటాయన వచ్చాడు. ఇంటి దగ్గర వదిలొచ్చిన పిల్లిని ఫోన్‌లో చూసుకుంటూ రోజూ "సమ్ గ్వా గ్వా" అనేవాడు. అంటే వాళ్ల కాంటనీస్‌లో గుండె ఒకదానికి తగులుకుని వేలాడుతూనే ఉందని అర్థమట. వచ్చీరాని హిందీలో ఆయనే చెప్పాడు.

"పిల్లికే గింత ఫికరా అన్నా?" అని పడీపడీ నవ్వాను.

నవ్వినందుకు నాకు మా అవ్వ తగిలింది.

మోకాళ్లు మొరాయించాక, చేవెళ్లలో మాకున్న ఒక్క బర్రెను అవ్వే షాబాద్ ఆయనకు అమ్మించింది. మా దగ్గర బర్రెను అమ్మినా పలుపు ఇవ్వరు. ఇంటి కలిమి దాంతోపాటే పోతుందని భయం. కొన్నాయన కొత్త తాడు కట్టి తోలుకుపోయాడు. పాత పలుపు గోడ మేకుకు వేలాడింది, అవ్వ చూపు దానికి వేలాడింది.

నాలుగో రోజే ఫోను. "పాలు సేపుతలేదు. గిట్లయితే వాపస్ తోలుకొస్త."

అవ్వ ముఖం వెలిగిపోయింది. "తిట్టకుంటే అదెట్ల సేపుతది?"

వాపసొస్తే గడ్డి కోసేదెవరు, పేడ ఎత్తేదెవరు? నేనే. అందుకని ప్రతి ఆదివారం చర్చి కాగానే అవ్వను స్కూటర్ మీద షాబాద్ మోశాను. దారి పొడవునా గుంతలు, వెనక నుంచి "జర మెల్లగ పోరా". అక్కడ అవ్వ గట్టు మీద కూర్చుని "దొంగదానా, ఎవరికి దాస్తున్నవే?" అని తిట్టేది. కొన్నాయన భార్య పితికేది. బకెట్ నిండేది. తెల్లారితే బర్రె మళ్లీ మొండికేసేది.

"ఆమెకు తిట్లు నేర్పరాదే అవ్వా!" అని మొత్తుకున్నాను.

"నా తిట్లు నేనెందుకిస్త?"

పలుపులాగే తిట్లు కూడా ఇవ్వదట!

మూడో ఆదివారం మేం దొడ్డి దగ్గర దిగేసరికి లోపల ఆ ఇల్లాలి గొంతు. "దొంగదానా, ఎవరికి దాస్తున్నవే?" ఆ వెంటే బకెట్‌లో పాలధార చప్పుడు. విని విని నేర్చేసుకుంది. బర్రె మా వైపు తలైనా తిప్పలేదు.

అవ్వ లోపలికి అడుగు పెట్టలేదు. "ఇంటికి పోదం పా" అంది. దారిలో మెల్లగా పొమ్మని ఒక్కసారి కూడా అనలేదు.

నాకు కావలసింది అదే. బర్రె ఇక రాదు, పేడ బాధ లేదు.

తర్వాతి ఆదివారం చర్చి బయట అవ్వ చెప్పులు వేసుకుంటూ, "షాబాద్‌ల నాకింకేం పనిరా?" అంది.

నాకు తిక్క రేగింది. "పొద్దుగాలనే పెట్రోల్ కొట్టిచ్చిన. ఎక్కవే!"

"నేనేం అడగలే గదరా. మరి నీకేం పని అక్కడ?"

కిక్కు కొట్టాను. ఈ సంగతి మా వంటాయనకు మాత్రం చెప్పను. పడీపడీ నవ్వుతాడు.