రెండు మ్యాపులతో గంగన్న కోసం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

హైదరాబాదులో కారు స్టీరియోలు, స్క్రీన్లు అమ్మే ఒక కొట్టులో నేను బిగింపు పని చేస్తాను. కారుతోపాటు వచ్చే నావిగేషన్ మంచిదా, అద్దానికి అతికించుకునే చిన్న జీపీఎస్ పెట్టె మంచిదా అని రోజుకు ఇద్దరైనా అడుగుతారు. పట్నంలో సరే, ఊళ్ల దారుల్లో ఏది పనికొస్తుందో రాయమని ఈ బ్లాగు చదివేవాళ్లు కూడా చాలాసార్లు అడిగారు. నా సెకండ్ హ్యాండ్ కారు డాష్‌బోర్డులో మొదటి రకం ఉంది. రెండో రకం ఒకటి ఆరేళ్లుగా నా అలమారాలో ఉంది. అది నాది కాదు, షార్జాలో నాతో ఒకే గదిలో ఉన్న గంగరాజం అనే డ్రైవర్‌ది. రెండింటినీ పోల్చి చూడటం బయల్దేరడానికి ఒక సాకు. అసలు పని గంగరాజాన్ని వెతికి పట్టుకుని, అతని వస్తువు అతనికిచ్చి, ఆరేళ్లుగా గొంతులో ఉన్న ఒక మాట చెప్పడం.

గంగరాజాన్ని నేను గంగన్న అనేవాణ్ని. నాకంటే పదేళ్లు పెద్ద. మల్లాపూర్ మండలంలో ఒక ఊరు అతనిది, పేరు రాయను. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు తీసేవాడు. గంగన్న చెట్టెక్కకుండా లారీ నేర్చుకుని గల్ఫ్‌కి వచ్చాడు. ఇంగ్లీషు చదవడం రాదు, జీపీఎస్ తెరమీది బాణం గుర్తుల్ని బట్టి ఎమిరేట్లన్నీ తిరిగేవాడు. మా కంపెనీ వ్యాన్లలో నావిగేషన్ ఉండేది కానీ, అందులోని మ్యాపు పాతది, ఎవరూ మార్చేవారు కాదు. అందుకే గంగన్న సొంతానికి ఒక చిన్న పెట్టె కొనుక్కుని దానిలో మ్యాపులు మార్పించుకునేవాడు. నేను డ్రైవర్‌గా కొత్తగా చేరి ట్రయల్‌లో ఉన్న రోజుల్లో, ఒక ఉదయం నాకు తెలియని రూటు ఇచ్చారు. గంగన్న తన పెట్టె తెచ్చి నా వ్యాన్ అద్దానికి అతికించి, తనది ఎప్పుడూ తిరిగే దారేనని చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నం కంపెనీ వాళ్లు అతన్ని వేరే చోటికి పంపారు. వ్యాన్‌లోని పాత మ్యాపు నేరుగా పొమ్మన్న దారిని అప్పటికే తవ్వేశారు. గంగన్న వ్యాన్ గోతిలో పడి, పక్కన కూర్చున్న హెల్పర్ కాలు విరిగింది. నీ పెట్టె ఏదని ఆఫీసులో అడిగితే గంగన్న గదిలో మరిచిపోయానన్నాడు. నా దగ్గరుందని తెలిస్తే, దారి తెలియని డ్రైవర్‌నని నన్ను వెనక్కి పంపేవాళ్లు. నేను నోరు విప్పలేదు. అతను నలభై రోజులు జైల్లో ఉండి, మళ్లీ రావడానికి వీల్లేదని పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, గదికైనా రాకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఇండియాకి వచ్చాక నేను చేసిన ఫోన్లు ఏవీ కలవలేదు.

మంగళవారం మా కొట్టుకు సెలవు. ఆ తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాను. చిన్న పెట్టెలో ఇండియా మ్యాపు కార్డు ముందే వేసి పెట్టుకున్నాను, పన్నెండు వందలైంది. కారు నావిగేషన్‌లో మల్లాపూర్ అని కొడితే, నాచారం పక్కనున్న మల్లాపూర్‌కు ఇరవై నిమిషాలే అని చూపించింది. చిన్న పెట్టె మాత్రం నాలుగు మల్లాపూర్‌లు చూపించి ఏది కావాలో ఎంచుకోమంది. అయితే అది ఉపగ్రహాన్ని పట్టుకోవడానికి ఐదు నిమిషాలు తీసుకుంది. కారులోది బండి తాళం తిప్పగానే సిద్ధంగా ఉంటుంది, తెర పెద్దది, గొంతు స్పష్టం. సిద్దిపేటలో టీ తాగి, కరీంనగర్ మీదుగా జగిత్యాల చేరేసరికి తొమ్మిదైంది. పెద్ద రోడ్డు మీద ఈ రెండింటికీ తేడా ఏమీ లేదు. ఒకే మాట రెండు గొంతులతో విసుగు పుట్టించేలా వినిపిస్తుంటే కారులోదాన్ని మూగబెట్టాను. తర్వాత కారులో నేనొక్కణ్నే ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ గొంతు పెంచాను.

జగిత్యాల బస్టాండు ఎదుట టిఫిన్ బండి నడిపే ఆమె, అద్దానికి అతికించిన పెట్టె చూసి నవ్వింది. ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు పెట్టి, "దుబాయ్ నుంచి అచ్చినవా?" అని అడిగింది. హైదరాబాద్ నుంచే అన్నాను. "గసొంటి డబ్బ మా తమ్ముని దగ్గర గూడ ఉండె. గిప్పుడు వాడు పోయిండు, డబ్బ ఇంట్లున్నది" అంది. ఎక్కడికి పోయాడని నేను అడగలేదు. ఇక్కడ పోవడమంటే గల్ఫ్‌కే. బండి పక్క గోడ నిండా వీసా ఇప్పిస్తామనే కాగితాలే.

జగిత్యాల నుంచి కోరుట్లకు అరగంట. అక్కడి నుంచి మల్లాపూర్ వైపు మళ్లాక కారు నావిగేషన్ తేలిపోయింది. కొత్తగా వేసిన రోడ్డు దానికి తెలియదు. తెరమీద నా కారు పొలాల మధ్య పోతోంది, వెనక్కి తిరగమని గొంతు బతిమాలుతూనే ఉంది. చిన్న పెట్టెకు ఆ రోడ్డు తెలుసు, గంగన్న ఊరు కూడా తెలుసు. పదిన్నరకు ఊళ్లోకి తీసుకెళ్లి చేరిపోయారని చెప్పింది. అక్కడి నుంచి ఇల్లెక్కడని ఒక మనిషిని అడగాల్సి వచ్చింది. అతను నన్నూ కారునూ తేరిపార చూసి, "దుబాయ్ గంగరాజమా? ఆయన మల్ల పోయిండేమో, కనవడ్త లేడు" అంటూ చెయ్యి చూపించాడు.

గంగన్న భార్య పేరు భూలక్ష్మి. అరుగు మీద ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. షార్జాలో గంగన్నతో ఒకే గదిలో ఉండేవాణ్నని చెప్పాను. చేట దించకుండానే జరిగి చోటిచ్చింది.

"కూసో తమ్మీ. నీ ముచ్చట జెప్తుండె. ఆయన ఇంట్ల లేడు, సిరిసిల్లల ఉంటుండు. సాంచెల కార్ఖానల పని."

మరమగ్గాల్ని అక్కడ సాంచెలంటారు. నేతతో సంబంధం లేని మనిషికి అక్కడేం పనని అడిగాను.

"బట్ట తాన్లు మోసుడు. నేసుడు ఆయనకెక్కడస్తది? ఇంటికచ్చి నాలుగు నెలలాయె. వారానికోపారి ఫోన్ జేత్తడు, మనిషి రాడు."

"ఫోన్ నాకు కలవలేదు వదినా."

"నంబర్ మార్చిండు. నాకొక్కదానికే ఎరుక." బీడీకి దారం చుట్టి పళ్లతో తెంపింది. "వాకిట్ల నిల్సుంటె చాలు, అచ్చేటోడు పోయేటోడు మల్ల ఎప్పుడు పోతవ్, వీసా అచ్చిందా అంటరు. ఇగ పోరాదని ముద్ర గొట్టి పంపిన్రని ఎవలకని జెప్తడు? గందుకే ఊరిడిసిండు."

కార్ఖానా ఉన్న వీధి గుర్తులు చెప్పింది. నేను లేచాక గుమ్మం దాకా వచ్చి, "ఓపారి ఇంటికి రమ్మను. పండుగకు గాదు, పెండ్లికి గాదు, ఊకెనే రమ్మను" అంది.

కోరుట్లలో డెబ్బై రూపాయల భోజనం చేసి, పెట్రోలు పోయించుకుని, పన్నెండున్నరకు వేములవాడ దారి పట్టాను. ఫోన్‌లో మ్యాపు ఉండగా ఇవన్నీ ఎందుకని మీరు అడగొచ్చు. రుద్రంగి చుట్టుపక్కల నా ఫోన్‌కు చాలాసేపు సిగ్నల్ లేదు. అలాంటి చోట ఈ రెండూ నయం. వాటి మ్యాపు వాటి దగ్గరే ఉంటుంది. కాకపోతే ఎండ ముదిరాక చిన్న పెట్టె రబ్బరు పట్టు వదిలి రెండుసార్లు కింద పడింది. కారులోది కదలకుండా తన చోట తానుండి, ఈ పాత రోడ్డు మీద ఒక్క మలుపు కూడా తప్పు చెప్పలేదు. వేములవాడలో యాత్రికుల బస్సుల వెనక ఇరుక్కుని, సిరిసిల్ల చేరేసరికి రెండున్నర.

భూలక్ష్మి చెప్పిన వీధిలో సాంచెల చప్పుడుకు పక్కమనిషి మాట వినిపించదు. అయినా ఆ వీధిలో సగం షెడ్లకు తాళాలున్నాయి. వాటి ముందు నడిచేటప్పుడు చప్పుడు తగ్గి, తర్వాతి షెడ్డు దగ్గర మళ్లీ పెరుగుతుంది. మూడో షెడ్డు నుంచి భుజాన బట్ట తాను పెట్టుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. కనుబొమల మీద, జుట్టులో తెల్లగా దూది. ఎవరో ముసలివాడనుకున్నాను, దులుపుకున్నాక చూస్తే గంగన్నే.

"తమ్మీ! నువ్వేంది గిక్కడ?"

మాట వినపడాలంటే కారులో కూర్చుని అద్దాలెక్కించుకోవాల్సి వచ్చింది. ఆరేళ్లుగా మనసులో వల్లించుకున్న మాటను ముందూ వెనకా లేకుండా చెప్పేశాను. పెట్టె నా దగ్గరుందని ఆ రోజు ఆఫీసులో చెప్పాల్సిందని, నా ఉద్యోగం పోతుందని భయపడ్డానని, అతను నా కోసమే అబద్ధమాడాడని తెలిసీ ఊరుకున్నానని చెప్పాను. గంగన్న ముందు అద్దంలోంచి వీధి చూస్తూ విన్నాడు.

"అది నాకెర్కేనాయె. నువ్వు జెప్పినా నన్ను ఇడుస్తుండిరా? ఇద్దర్ని పంపుదురు. దానికి నాకేం లేదు."

నాకు ఊపిరాడినట్టయింది. తర్వాత అతను చేతుల మీది దూది ఒక్కొక్కటే తీస్తూ అన్నాడు.

"జైల్ల జుమ్మా నాడు కలవనిస్తుండిరి. నువ్వత్తవని సూసిన. మొదటి జుమ్మా రాకుంటె పనున్నదేమో అనుకున్న. మల్లచ్చిన జుమ్మా గూడ పొద్దంత సూసిన. అటెన్క సూసుడు బంద్ జేసిన."

వెళ్తే రిజిస్టర్‌లో పేరు రాసుకుంటారని, ఎవరు నువ్వని అడుగుతారని అప్పట్లో భయం. ఆ శుక్రవారాలు నేను గదిలో బట్టలుతుక్కుని, అన్నం వండుకుని, అతని ఖాళీ మంచం పక్కన పడుకున్నాను.

పెట్టె తీసి అతని చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నాకెందుకు తమ్మీ? నేనిప్పుడు బండి నడుపుత లేను. స్టీరింగ్ పట్టుకుంటె చేతులు వణుకుతయి. ఎవలన్న డ్రైవర్ అడిగితే ఇయ్యి" అన్నాడు. అప్పుడు భూలక్ష్మి మాట చెప్పాను. పండుగకు కాదు, ఊరికే రమ్మందని. అతను అదే మాట తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. కారు దిగి షెడ్డులోకి వెళ్లాడు. ఇక రాడేమో అనుకుంటుండగా, ముఖం కడుక్కుని, వేరే చొక్కా వేసుకుని, చేతిలో ఒక సంచితో వచ్చాడు. "సేటుకు రెండ్రోజులని జెప్పిన. పా."

నాలుగింటికి బయల్దేరాం. వచ్చిన దారే కాబట్టి కారు నావిగేషన్‌ను నమ్ముకున్నాను. దారిలో పెట్టె మళ్లీ అద్దం మీంచి ఊడిపడబోతే గంగన్న పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మిగతా దారంతా అది అక్కడే ఉండి, పైకప్పు వైపు చూస్తూ మలుపులు చెబుతూనే ఉంది. హెల్పర్ కాలు బాగైందా అని ఒకసారి అడిగాడు. నడుస్తున్నాడని చెప్పాను. మంచిదాయె అన్నాడు.

ఐదున్నరకు కోరుట్లలో ప్రవేశించాక, బస్టాండు దగ్గర ఆపమన్నాడు. ఇంటి దాకా దింపుతాను, ఇంకెంత దూరమని అన్నాను.

"వద్దు తమ్మీ. కారుల దిగితే దుబాయ్ నుంచి అచ్చిండంటరు. జరంతసేపట్ల వాకిలి నిండ జనమత్తరు. బస్సుల పోత, ఎవలు సూడరు."

పెట్టెను సీటు మీద పెట్టి, తలుపు మెల్లగా వేసి వెళ్లాడు. మల్లాపూర్ బస్సు కిటికీ పక్కన చోటు దొరికింది అతనికి. నేను చెయ్యెత్తాను. పక్కనున్నాయన ఏదో అడుగుతున్నట్టుంది, అటు తిరిగి జవాబు చెబుతున్నాడు. బస్సు కదిలాక, కొత్త నంబరు అతను ఇవ్వలేదని, నేనూ అడగలేదని గుర్తొచ్చింది. వెంట వెళ్లి అడగవచ్చు. ఆ కారును వాళ్ల వాకిట్లో ఆపడానికి నాకు మనసు రాలేదు. ఆరున్నరకు జగిత్యాలలో ఐదొందలకు ఒక గది తీసుకున్నాను. రెండు మంచాల గది, ఒక్కరికైనా ఇద్దరికైనా అదే అద్దె అన్నారు.

రెండింట్లో ఏది కొనాలని అడిగితే నా జవాబు ఇది: పెద్ద రోడ్ల మీద, ఎండలో, గతుకుల్లో కారుతో వచ్చినదే నిలకడైనది. ఊళ్లకు ఎక్కువగా తిరిగేవాళ్లు మాత్రం మ్యాపు మార్చుకోగలిగే చిన్న పెట్టెకు డబ్బు పెట్టండి. నా ప్రయాణం గురించి అంత తేలిగ్గా చెప్పలేను. ఆఫీసులో నోరు విప్పలేదని ఆరేళ్లు బాధపడ్డాను, దానికి మాటలు కూర్చుకున్నాను, అంత దూరం వెళ్లి చెప్పాను. అతన్ని నొప్పించింది అది కాదు. రెండు శుక్రవారాలు ఒక మనిషి నా కోసం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడని నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. తెలిశాక కూడా దానికి క్షమించమని అడగలేకపోయాను. కానీ అతను ఆ రాత్రి తన ఇంట్లో అన్నం తిని ఉంటాడు. నేను చేసిన పని అంతవరకే.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. సోమవారం మాత్రం బయల్దేరకండి. ఆ రోజు దర్శనానికి వచ్చే జనంతో వేములవాడ దాటడానికే గంట పైగా పట్టవచ్చు. మిగతా రోజుల్లో సిరిసిల్ల నుంచి కోరుట్లకు గంటన్నర చాలు.