చిన్నమ్మమ్మ తాగిన ఏడు కప్పులు

నిన్న అల్మరా సర్దుతుంటే పాత చీరల మడతల్లోంచి చెవి లేని చిన్న కాఫీ కప్పొకటి బయటపడింది. "ఇది మందు పోసుకునేదా అత్తయ్యా?" అంది కోడలు. కాదమ్మా, మా చిన్నమ్మమ్మకి దక్కిన బహుమతి అన్నాను. చిన్నమ్మమ్మంటే మా అమ్మమ్మ చెల్లెలు. మాటల్లేని సినిమాల రోజుల్లో మద్రాసు వెళ్ళి హాస్యపాత్రలు వేసింది. నీళ్ళబిందెతో జారిపడే కోడలు, మొగుడి పంచె కట్టుకుని పారిపోయే పెళ్ళాం, అన్నీ ఆవిడేనట. టాకీలొచ్చాక బొంగురు గొంతని పొమ్మన్నారు. ఇంటికొస్తే మావాళ్ళు సినిమా మనిషని పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చోబెట్టేవారు. అక్కడే కూర్చుని పురోహితుడి తుమ్ము నటించి ఆ వరసంతా నవ్వించేది. నేనేమన్నా తక్కువ తిన్నానా, నా పెళ్ళిలో ఆవిణ్ణి అత్తవారికి పరిచయమే చెయ్యలేదు.

అలాంటిది, ఎనభైల మొదట్లో గల్ఫ్‌లో, ఫుజైరాలో, నాకు ఏడో నెల వచ్చేసరికి, రాగలిగింది ఆవిడొక్కతే. అమ్మ లేదు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మా ఆయన కంకర క్వారీ ఆఫీసులో గుమాస్తా. ఆయనకి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అక్కడి మాటలో కఫీల్, దయవల్ల చిన్నమ్మమ్మకి నెల వీసా దొరికింది. నెల ఇట్టే కరిగిపోయింది. పొడిగించమంటే, "నెలన్నాను, నెల ఖలాస్" అన్నాడు కఫీల్. మొదటి కాన్పులో నాకు బిడ్డ దక్కలేదు. ఈసారి ఒంటరిగా కనాలంటే ప్రాణం జల్లుమనేది. చివరికి కఫీల్ ఇంటికే వెళ్ళి అడుగుదామనుకున్నాం. "నీకు దణ్ణం పెడతాను, అక్కడ కోతిచేష్టలు చెయ్యకే" అన్నాను బయల్దేరేముందు. "నోరు మూసుక్కూచుంటాలే" అంది చిన్నమ్మమ్మ.

మగాళ్ళు బయటి గదిలో, మేం లోపల కఫీల్ తల్లి దగ్గర. ఆవిడ మాట మాకు రాదు, మా మాట ఆవిడకి రాదు. ఖర్జూరాలు పెట్టి, యాలకుల వాసనేసే చేదు కాఫీ పోసింది. నాకు పాలిచ్చారు, బతికిపోయాను. చిన్నమ్మమ్మ తాగి కప్పిస్తే మళ్ళీ పోసింది. చాలనడానికి కప్పు అటూ ఇటూ ఊపాలట, ఆ సంగతి మాకేం తెలుసు? వద్దంటే పెద్దావిడ నొచ్చుకుంటుందేమోనని చిన్నమ్మమ్మ తాగుతూనే ఉంది. ఏడో కప్పు తాగాక ఆగింది. కాఫీ కూజా కేసి చూసింది, కప్పు కేసి చూసింది. వద్దన్నట్టు ఆవిడ కొంగు పట్టి లాగాను. కప్పు వీపు వెనక దాచి, కూజా అక్కడికీ వచ్చేసినట్టు ఉలిక్కిపడింది. పొట్ట ఉబ్బించి, ఆయాసపడుతూ లేచి, నా పొట్టా తన పొట్టా జానలతో కొలిచి, ముందు కాన్పు తనదేనని చూపించింది. ముసలావిడ పడీపడీ నవ్వుతోంది. అక్కడితో ఆపిందా, చేతులు రెండూ చాపి విమానమై గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నా ఒళ్ళో లేని బిడ్డకోసం చెయ్యి చాపి, అందక అలా నిలబడిపోయింది.

ముసలావిడ నవ్వు ఆగిపోయింది. నా పొట్ట కేసి కాసేపు చూసింది. తర్వాత చిన్నమ్మమ్మ మణికట్టు పట్టుకుని కప్పెలా ఊపాలో నేర్పి, ఆ కప్పు ఆవిడ చేతిలోనే ఉంచేసి, కొడుకుని గుమ్మం దగ్గరికి పిలిచి రెండు ముక్కలంది. "బిడ్డ పుట్టేదాకా ఉండాల్సిందేనట, అమ్మ హుకుం" అన్నాడు కఫీల్ హిందీలో, తల గోక్కుంటూ. నెత్తిమీద మూట దించినట్టయి అక్కడే ఏడ్చేశాను. కారెక్కాక చిన్నమ్మమ్మ, "నోరు మూసుకునే ఉన్నానా లేదా?" అంది.

మా అమ్మాయిని అందరికంటే ముందు ఎత్తుకున్నది ఆవిడే. ఆవిడ వేసిన సినిమాల్లో ఒక్క రీలూ మిగల్లేదంటారు. ఆ పొద్దుటి ఆట చూసిన ఇద్దరిలో ముసలావిడ ఎప్పుడో పోయుంటుంది, ఇక మిగిలింది నేనే. అందుకే నిన్న, నడుం నొప్పెడుతున్నా, లేచి కప్పు వీపు వెనక దాచి కోడలికి ఆడి చూపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. కాలం రీళ్ళన్నీ తినేసింది గానీ, ఆ నవ్వు జోలికి ఇంకా రాలేదు.