నారి చుట్టిన పుల్ల

సహోదరులారా, సహోదరీలారా, నేను మాట్లాడకముందు నా కుడికాలు చూడుండ్రి. పిక్క మీద గుంట కనబడుతుంది కదా, నా సాక్ష్యం అంతా అందులనే ఉన్నది.

ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాకముందు సంగతి. మాది మల్దకల్ దిక్కు చిన్న పల్లె, ఎడ్లతో మోట తోలి చేన్లకు నీళ్లు పెట్టుడు నా పని. బాప్తిస్మం తీసుకొని అప్పటికి రెండేండ్లు. పాస్టరయ్య నాకు శాంతయ్య అని పేరు పెడితే ఊరంతా నవ్వింది, ఎందుకంటే నాకున్నంత తొందర, కోపం మా ఎడ్లకు గూడ లేవు. నేనైతే నీళ్లల్ల మునిగి లేచిన గని నా తొందర మునగలే!

ఊళ్లె అందరం దిగుడుబావిల దిగి నీళ్లు ముంచుకునేటోళ్లం, ఏటేటా ఎవరికో ఒకరికి నారికురుపు లేచేది, ఆ ఏడు నా వంతు వచ్చింది. మీకు తెల్వనిదేముంది, పుండు పగిలి దారం లాంటి నారి పురుగు తల బయట పెడ్తది, దాన్ని చిన్న పుల్లకు దినాం వేలెడంత మెల్లగ చుట్టుకుంట రావాలె, గుంజితే తెగుతది, తెగితే లోపలనే కుళ్లుతది. చిన్న పిల్లలకు గూడ ఎరుకే. నాకూ ఎరుకే! కాని మిరుగం కార్తె వచ్చె, తొలి వాన పడె, ఊరంతా విత్తనాలకు పోతుంటె నేను గడప కాడ కాలు చాపుకొని పుల్ల చూసుకుంట కూసున్న. నా భార్య బాలమ్మ "జర ఓపిక పట్టు, ఇంకో నాలుగు దినాలకు అదే వస్తది" అని మొత్తుకుంది. ఆమె అటు నీళ్లకు పోంగనే ఇటు పండ్లు బిగబట్టి గుంజిన. పుటుక్కున తెగింది!

మరునాటికి కాలు కుండ లెక్క వాచింది. మూడో నాటికి తొడదాక ఎర్రబడి, జ్వరంతో ఒళ్లు కాలిపోయి, పుండు వాసనకు సొంత తమ్ముడు గూడ దూరం నిలబడి మాట్లాడిండు. బాలమ్మ బండి కట్టించి మిషన్ దవాఖానకు తీస్కపోయింది. డాక్టరమ్మ చూసి, "ఆదివారం దాక చూస్తం, తగ్గకపోతే మోకాలి పైనకెళ్లి కాలు తీసేయాలె, లేకుంటే మనిషి దక్కడు" అన్నది. రోజంతా ఎడ్ల వెంబడి ముందుకూ వెనక్కూ నడిచేటోనికి కాలు పోతే ఇంకేముంటది!

అప్పుడు ఏడ్చుకుంట ప్రార్థన చేసిన: "ప్రభువా, నీ తప్పేం లేదు, నా చేతులతోనే తెంపుకున్న. కాలు ఉంచితే నీ పేరు చెప్పుకుంట నడుస్త, తీసేస్తే పాకుకుంటనన్న నీ దగ్గరికే వస్త. ఈ తొందరను మాత్రం నా లోపలినుంచి తీయి తండ్రీ."

శనివారం పొద్దున కట్టు విప్పంగనే చీము దబదబ కారింది, ఆ చీములకెళ్లి తెగిన పురుగు కొస బయటికొచ్చింది! డాక్టరమ్మే గట్టిగ "స్తోత్రం" అన్నది. నర్సమ్మ ఒక పుల్ల తెచ్చి నా చేతికే ఇచ్చి, "గుంజినవంటే ఆ కాలు నేనే కోస్త" అని నవ్వింది. పదకొండు దినాలు చుట్టిన, దినాం వేలెడంత, చుట్టుకో ప్రార్థన. పన్నెండో నాడు తోకతో సహా వచ్చేసింది. దేవునికే మహిమ!

ఆ పుల్లను మా ఇంటి చూరుల చెక్కి పెట్టిన. ఈ ఏడు మిరుగం ఒట్టిగనే పోయింది, జొన్న మొలకలోనే మాడింది. అబద్ధమెందుకు చెప్పాలె, మొన్న చేను గట్టు మీద నిలబడి దేవుని మీదనే అరిచిన, నా పాత తొందర మళ్ల లేచింది. ఇంటికొచ్చి చూరులకెళ్లి పుల్ల తీసి చేతుల పట్టుకున్న. ఆ చీము వాసన, డాక్టరమ్మ మాట, దినానికి వేలెడంత విడుదల, అంతా యాదికొచ్చి అక్కడనే మోకరించిన, లేచేసరికి గుండె నిమ్మళమైంది. వాన ఇంకా రాలే సహోదరులారా! అయినా కృష్ణా నదిని పుట్టి పడవల దాటి, రెండు దినాలు పాడుకుంట నడిచి ఈ వనపర్తి కూటానికి వచ్చిన. ఏ కాలు మీద? తీసేస్తమన్న కాలు మీద!

అందుకే చెప్తున్న, దాటొచ్చిన కష్టాన్ని మరువకుండ్రి, అప్పుడప్పుడు తీసి చూసుకోండ్రి. అప్పుడు విడిపించినోడు ఇప్పుడు చెయ్యి వదులుతడా? ప్రభువును నమ్ముండ్రి. వెనక వరుసల కాలికి గుడ్డ కట్టుకొని కూసున్న చెల్లె, నిన్ను పొద్దటి సంది చూస్తున్న, నీ చెయ్యి మాటిమాటికి నీ నారి చుట్టిన పుల్ల మీదికే పోతుంది. గుంజకమ్మా. ప్రభువు చుడుతుండు.