"పోయినయ్ సార్"

2023 మార్చి చివరి రోజులు. సికింద్రాబాద్‌లో మౌలాలి వైపున్న ఒక కంపెనీలో, సెమీకండక్టర్ డివిజన్‌కు నేను క్వాలిటీ ఇంజనీరుని. చిప్పులు తెప్పించి, పరీక్షించి, రైల్వే సిగ్నల్ కార్డులు తయారుచేసేవాళ్లకు పంపడం మా పని. ఆ ఏడాది వ్యాపారం అంతంతమాత్రం. వార్షిక టార్గెట్ అందకపోతే డివిజన్ మూసేస్తామని హెడ్డాఫీసు ముందే చెప్పేసింది. మార్చి ముగిసేలోగా ఆఖరి లాటు చిప్పులు గేటు దాటితే గట్టెక్కుతాం.

ఆ లాటు బర్న్-ఇన్ టెస్టులో ఉంది. అంటే చిప్పులను వేడి పెట్టెలో ఉంచి, కరెంటిచ్చి గంటల తరబడి నడిపించడం. బలహీనమైనవి అక్కడే చస్తాయి. తలుపు తీసి చూస్తే ఒకటీ అరా కాదు, సగానికి సగం చచ్చాయి. ఇక బతికినవాటినీ నమ్మలేం. డివిజన్ హెడ్ ప్రభుదాస్ గారికి ఫోన్ చేశాను.

"లాటు ఏమైందమ్మా?"

"పోయినయ్ సార్."

"హమ్మయ్య!" అని పెట్టేశారు.

ఆయనది కాకినాడ. వాళ్లు సరుకు 'వెళ్లింది' అంటారు, మేం తెలంగాణవాళ్లం 'పోయింది' అంటాం. ఇన్నేళ్లు ఇక్కడుండి మా మాట బాగా వంటబట్టిందని ఆయనకు గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది. చిప్పులు చచ్చాయని నేనంటే, సరుకు బయల్దేరిందని ఆయన విన్నారు. నేను పరుగున పైకి వెళ్లేసరికి, వీడియో మీటింగులో టార్గెట్ అందుకున్నామని చెప్పేశారు కూడా. తెరమీద పెద్దలు చప్పట్లు కొడుతున్నారు.

నేను చెయ్యి ఊపితే మైకు ఆపారు.

"సార్, పోయినయ్ అంటే ఖరాబైనయ్. సరుకు ఈడనే ఉన్నది."

ఆయన ఒకసారి తెర వైపు చూశారు. గొంతు తగ్గించి అన్నారు: "ఈ పూట పంపించేస్తే? వెనక్కొచ్చినా ఏప్రిల్లోనే కదా వచ్చేది. ఈ ఏడాది గడిచిపోతుంది. ఇక్కడ ఇంతమంది పొట్టలున్నాయమ్మా."

నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది, అందులో నా ఉద్యోగమూ ఉంది మరి.

"గవి సిగ్నల్ కార్డులల్ల పెడ్తరు సార్. రైలొచ్చే టైముకు పోతే? నేనైతే సంతకం పెట్ట."

ఈసారి ఆ 'పోతే' ఆయనకు సరిగ్గానే అర్థమైంది. కళ్లు మూసుకుని తెరిచి, మైకు ఆన్ చేశారు.

"క్షమించాలి, నేను తప్పుగా విన్నాను. సరుకు వెళ్లలేదు. ఇక వెళ్లదు కూడా."



టార్గెట్ తప్పింది. అయినా కారణం విన్నాక డివిజన్‌కు మరో ఏడాది గడువిచ్చారు. ఆయన్ని మాత్రం హెడ్ కుర్చీలోంచి దించి వేరే ఊరు పంపారు.

అప్పట్నుంచి టెస్టు ఫలితం చెప్పేటప్పుడు పాస్, ఫెయిల్ తప్ప మరో మాట వాడను. కొత్తగా చేరినవాళ్లనూ వాడనివ్వను. చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఆయన బయల్దేరిన రోజు గేటు దాకా వెళ్లాను. ఎప్పుడూ 'వెళ్లొస్తా' అనే మనిషి, కారెక్కబోతూ ఆగి, "పోయొస్తనమ్మా" అన్నారు. "సరిగ్గానే అన్నానా?"

"మంచిగన్నరు సార్," అన్నాను. ఏడుపు ఆగలేదు.