సందు వదిలే చెయ్యి

లీడ్ గిటార్ వాయించేవాళ్ళంటే నాకు కోపం లేదు. సరే, నిజం చెప్పాలంటే కొంచెం ఉంది. గాయకుడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే వాళ్ళు ముందుకొస్తారు, కళ్ళు మూసుకుంటారు, సన్నతీగ మీద కీచుమని ఒక రాగం తీస్తారు, జనం ఈలలు వేస్తారు. ఆ సేపంతా వెనకాల స్పీకర్ డబ్బా పక్కన ఒక మనిషి కుర్చీలో కూర్చుని చెయ్యి కిందికీ పైకీ ఆడిస్తూనే ఉంటాడు. అతను ఆగిపోతే ముందున్నవాడి రాగం నిలబడదు. ఆ సంగతి ముందున్నవాడికే చాలాసార్లు తెలియదు. ఆ వెనకాల కూర్చున్న మనిషి వాయించేదాన్ని రిథమ్ గిటార్ అంటారు. నేను వాయించేది అదే.

మాది కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తాడు. నేను హనుమకొండలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. సంగీతానికీ మా ఇంటికీ ఉన్న చుట్టరికమల్లా మగ్గం పక్కన మోగే ఫోన్లో పాటలే. అలాంటిది నాకు గిటార్ పిచ్చి అంటుకున్నది స్కూటీ సీటు చిరగడం వల్ల.

మా షాపున్న వీధి చివర బండ్ల సీట్లకు కవర్లు కుట్టే దుకాణం ఉంది. దాని యజమాని అరవైకి దగ్గర పడిన ముస్లిం పెద్దాయన. వీధి మొత్తం ఆయన్ని చాచా అంటుంది. ఆయన నా సీటు కుడుతుండగా, గోడకు రెగ్జిన్ చుట్టల మధ్య వేలాడుతున్న గిటార్ నా కంటపడింది.

"అది వాయిస్తరా చాచా, ఊర్కెనే షోకుకు పెట్టిన్రా?" అని అడిగాను. నా నోరు అలాంటిది.

"ఇరవై ఏండ్ల సంది ఆర్కెస్ట్రాల వాయిస్తాన్న బిడ్డా. నువ్వు ఏదో ఒక పెండ్లిల ఇనే ఉంటవ్. గని ఇన్నవని నీకు ఎర్క లేదు" అన్నాడు దారం కొరుకుతూ.

ఆ ఆదివారం ఒక కాలేజీలో ప్రోగ్రాం ఉందంటే వెళ్ళాను. గంటసేపు చెవులు రిక్కించి విన్నాను. కీబోర్డు వినపడింది, డ్రమ్స్‌కు బదులు కొట్టే ప్యాడ్స్ వినపడ్డాయి, గాయకుడు వినపడ్డాడు. చాచా చెయ్యి ఆడుతోంది కానీ ఏం వాయిస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. విరామంలో ఆ మాటే మొహం మీద అనేశాను.

చాచా నొచ్చుకోలేదు. "ఇప్పుడొచ్చే పాటకు నన్ను సూడకు. ఎగురుతాన్నరు గద, ఆ పోరగాండ్ల కాళ్ళు సూడు" అన్నాడు.

పాట సగానికి వచ్చాక ఆయన తీగల మీది నుంచి చెయ్యి తీసేశాడు. తక్కినవాళ్ళంతా మామూలుగానే వాయిస్తున్నారు. కాసేపటి వరకు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒకడు చెమట తుడుచుకుంటూ ఆగాడు. ఇంకొకడు జేబులోంచి ఫోన్ తీశాడు. ముందు వరుసలో అమ్మాయిలు మాటల్లో పడ్డారు. ఎందుకు ఆగారో వాళ్ళకే తెలియదు. చాచా మళ్ళీ చెయ్యి వేశాడు. రెండు దెబ్బలకే ఫోన్ జేబులోకి వెళ్ళింది, కాళ్ళు లేచాయి. మర్నాడు మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకుని నేరుగా ఆయన దుకాణానికి వెళ్ళి, నాకూ నేర్పమన్నాను.

రోజూ భోజనం వేళ పాఠం. కుడిచెయ్యి ఆగకూడదు, అదొక్కటే మొదటి నెలంతా. తీగలను తాకినా తాకకపోయినా చెయ్యి కిందికీ పైకీ పోతూనే ఉండాలి, అప్పుడే తాళం మనిషి లోపల ఉంటుంది. ఆ తర్వాత ఎడమచేతి వేళ్ళు. మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక్కసారి నొక్కి పట్టడాన్ని కార్డ్ అంటారు. పట్టడం ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. ఎప్పుడు వదలాలన్నదే అసలు విద్య. వేళ్ళు కొద్దిగా సడలిస్తే మోత ఆగిపోయి 'చక్' మన్న చప్పుడొక్కటే మిగులుతుంది. చాచా వాయింపులో ఉన్న అందమంతా ఆ చక్‌లో ఉంది.

నాకు రానిది సరిగ్గా అదే. మా నాన్న జంపఖానా పూర్తికాగానే రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తాడు. సూది మొనంత వెలుగు అవతలి నుంచి కనపడినా ఆ వరసంతా విప్పేస్తాడు. పోగుకూ పోగుకూ మధ్య సందు ఉండటమంటే మా ఇంట్లో తలవంపులు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, చేతికి గిటార్ ఇస్తే ఏం చేస్తాను? ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ నాలుగు దెబ్బలు వేసి నింపేసేదాన్ని. నింపాక అమ్మయ్య అనుకునేదాన్ని కూడా.

చాచా ఒకరోజు వినీ వినీ తల పట్టుకున్నాడు. "నువ్వు పాటను జంపఖానా నేస్తాన్నవ్ బిడ్డా. పాట మీద ఎవ్వలు కూసోరు. పాడేటోడు ఊపిరి తీస్కునేతందుకు జర సందు విడువు."

"వాయించకుండ ఉండుటానికి ఇన్ని నెలలు నేర్చుకోవాల్నా చాచా?" అన్నాను ఉక్రోషంగా.

"ఇన్ని నెలల్ల వస్తే నీ అదృష్టం" అన్నాడు.

తనకంటే గొప్పవాణ్ణి చూపిస్తానని ఒక ఆదివారం నన్ను కాజీపేటలో చర్చికి తీసుకెళ్ళాడు. అక్కడ రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన పాటల బృందానికి గిటార్ వాయిస్తాడు. వరసకు నాలుగే దెబ్బలు, ఒక్కటి ఎక్కువ లేదు. కానీ ముసలివాళ్ళూ పిల్లలూ కలిసిన అంతమంది గొంతులు ఒకే మనిషి నడిచినట్టు నడిచాయి. మీ రహస్యం ఏమిటని అడిగితే ఆయన నవ్వాడు. "పాడేవాళ్ళల్ల సగం మందికి ఆయాసం ఉన్నది తల్లీ. వాళ్ళు అందుకునేదాక ఆగుత, అంతే" అన్నాడు. చాచా నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నేను చూడనట్టు నటించాను.

ఆ తర్వాతి ఏడాది చాచాకి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. దవాఖానలో గిటార్ మానెయ్యమన్నారు. ఆర్కెస్ట్రాలో తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి ఆయన కవర్లు కుట్టడానికి పరిమితమయ్యాడు. ఆ కుర్చీలో నేను రెండేళ్ళు వాయించాను. బాగానే వాయించానని అనుకునేదాన్ని. చాచా మాత్రం ఫోన్లో రికార్డింగులు విని, "ఇంక జంపఖానా పోలే" అనేవాడు.

ఈ ఏడాది మా ఆర్కెస్ట్రా నడిపే ఆయన, మేమంతా అన్న అంటాం, కొత్త కీబోర్డు కొన్నాడు. అన్నే దాన్ని వాయిస్తాడు. అందులో ఒక మీట నొక్కితే తాళంతో పాటు రిథమ్ గిటార్ కూడా దానంతటదే మోగుతుంది. రెండు ప్రోగ్రాములు చూసి, ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లే, ఏమనుకోకు. పరకాల పెండ్లి ప్రోగ్రాం నీకు ఆఖరిది. గిటారు ఈ కీబోర్డులనే ఉన్నది గద, ఇద్దరెందుకు?"

నాకు మండిపోయింది. నన్ను తీసేస్తున్నందుకు కాదు, అబద్ధమెందుకు, అందుకు కూడా. కానీ ఇరవై ఏళ్ళు ఒక మనిషి భుజం అరగదీసుకున్న కుర్చీని ఒక మీటతో మడిచిపెట్టేస్తున్నాడే, అది మింగుడుపడలేదు. చాచాకి చెప్పాను. ఆయన తింటున్న రొట్టె డబ్బాలో పెట్టేసి మూత పెట్టాడు. "నా భుజం పోయిననాడు గూడ ఇంత రంది కాలే బిడ్డా. నా ఎనుక నువ్వున్నవని ఉండె" అన్నాడు. ఆయన అలా డీలా పడటం నేను అంతకు ముందు చూడలేదు. ఎలాగైనా ఆ కుర్చీ పోనివ్వనని ఆయన ముందే అనేశాను. ఎలాగో మాత్రం నాకు తెలియదు.

పరకాలలో పగటి పెళ్ళి. భోజనాల వేళకు మా పాటలు మొదలయ్యాయి. నేను చేసిన మొదటి పని ఏమిటంటే, కోపంతో వాయించడం. మీట గిటార్ కంటే నేను గట్టిగా వినపడాలని సందు లేకుండా బాదాను. గాయకుడు వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. మూడో పాటకు నాకే సిగ్గేసింది. అన్న మొహంలో 'నేను చెప్పలేదా' అన్నట్టు ఒక ధీమా.

అప్పుడు పెళ్ళికూతురి బాపమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి. ఆ ఇంట్లో ఆడపిల్లను అత్తగారింటికి పంపేముందు ఆమె అప్పగింతల పాట పాడాల్సిందేనట, ఆమె కూతుళ్ళకూ పెద్ద మనవరాళ్ళకూ అలాగే పాడిందట. మైకు ఆమె చేతికిచ్చారు. అన్న మంచి మనసుతోనే మీట నొక్కి తాళం మొదలెట్టాడు.

బాపమ్మ రెండు మాటలు పాడి, మూడో మాట దగ్గర మనవరాలి మొహం చూస్తూ ఆగింది. తాళం ఆగలేదు. ఆమె మళ్ళీ అందుకునేసరికి అది ఎక్కడికో వెళ్ళిపోయింది. అందుకోవాలని ఆమె ఉరుకులాడింది, తప్పింది. కుర్చీల్లో కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. అన్న వేగం తగ్గించాడు, మళ్ళీ పెంచాడు, రెండుసార్లూ కుదరలేదు.

"నీ మిషిని నా ఎంట వస్తలేదు బిడ్డా" అంది బాపమ్మ. ఎవరో చుట్టాలావిడ వచ్చి "ఇగ చాలు తియ్యి అత్తమ్మా" అని మైకు తీసుకోబోయింది. పెళ్ళికూతురు తల వంచుకుంది.

నేను లేచాను. ఎంత నోరున్నా, అంతమంది ముందు అన్నకు చెప్పడం నాకు చేతకాదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

"అన్నా, జర బంద్ చెయ్యి."

అన్న నన్ను చూశాడు, జనాన్ని చూశాడు, ఆపేశాడు. నేను కుర్చీ ఈడ్చుకెళ్ళి బాపమ్మ పక్కన వేసుకున్నాను. "మీ తీరుగ మీరు పాడున్రి బాపమ్మా. నేను మీ ఎంట వస్త" అన్నాను.

ఆమె గిటార్‌ని అనుమానంగా చూసింది. "ఇది మొత్తుకోదు గద?"

"మొత్తుకోదు."

ఆమె ఎత్తుకుంది. మొదటి చరణమంతా నేను తీగ ముట్టలేదు. చేతులు దురద పెట్టాయి, నింపు నింపు అని లోపల ఎవరో పోరుతున్నట్టే ఉంది. నింపలేదు. ఆమె గొంతు దగ్గర నరం చూస్తూ కూర్చున్నాను. ఆమె శ్రుతి నా తీగల్లో దేనికీ అందేది కాదు, అందుకని ఎడమ అరచెయ్యి తీగల మీద ఆనించి మోత లేకుండా చేసుకున్నాను. రెండో చరణంలో ఆమె ఒక మాట మీద బరువు వేసింది. అక్కడ ఒక్క చక్. ఇంకో చోట ఇంకొకటి. ఆమె ఊపిరి తీసుకున్న చోట్ల నా చెయ్యి గాల్లోనే ఆడింది.

మూడో చరణంలో 'బిడ్డా' అన్న మాటను ఆమె సాగదీసింది. సాగదీస్తూనే ఉంది. నా చెయ్యి కిందికీ పైకీ, కిందికీ పైకీ, తీగ తాకకుండా. ఆమె ఆ మాటను ఎక్కడ దించిందో సరిగ్గా అక్కడే నా దెబ్బ పడింది. బాపమ్మ గిరుక్కున నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో అల్లరి కనపడింది. ఆ తర్వాతి చరణంలో కావాలనే ఇంకాసేపు ఆపింది, నన్ను పరీక్షించడానికి. నేనూ ఆగాను. ఇద్దరం కలిసి దిగాం.

అప్పుడు ఆడవాళ్ళు లేచారు. ముందు నలుగురు, ఆ తర్వాత పందిట్లో ఉన్నవాళ్ళంతా. బతుకమ్మ ఆడినట్టు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. నా చక్ వాళ్ళ చప్పట్లలో కలిసిపోయింది, ఏది ఏదో నాకే తెలియలేదు. పెళ్ళికూతురు వచ్చి బాపమ్మ చెయ్యి పట్టుకుంది. కిసుక్కుమన్న కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఆమె ఇంకా చాలా చరణాలు పాడింది. ఎక్కడా తడబడలేదు. నా జీవితంలో నేను అంత తక్కువ వాయించింది లేదు, అంత బాగా వాయించిందీ లేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

పాట అయిపోయాక బాపమ్మ మైకు కింద పెట్టి, రెండు చేతులతో నా మొహం నిమిరి మెటికలు విరిచింది. తర్వాతి పాటకు అన్న మీట మీద వేలు పెట్టి, ఒక క్షణం ఆలోచించి తీసేశాడు. "చెల్లే, నువ్వే ఎత్తుకో" అన్నాడు. ఆ పూటంతా నేనే ఎత్తుకున్నాను.

సామాను సర్దుతుంటే పెళ్ళికొడుకు వైపు పెద్దమనిషి ఒకాయన వచ్చి, వచ్చే నెల తమ ఇంట్లో ఫంక్షన్ ఉందని, మీ దగ్గర ఎవరెవరు వాయిస్తారని అడిగాడు. నేను వైర్లు చుడుతూ అటే వింటున్నాను.

"కీబోర్డు నేను. ప్యాడ్స్ ఉంటయి. రిథమ్ గిటారు మా చెల్లె" అన్నాడు అన్న. ఆ పైన నా వైపు చూడకుండా, "ఆమె రాకుంటే మేం గూడ రాం" అన్నాడు.

నేను వ్యాను వెనక్కి వెళ్ళి చాచాకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుని ఉంటాడు.

"చాచా, కుర్చీ మనదే."

ఆయన ఇంట్లోకి కేకేయడం వినిపించింది. "ఇగో, ఇన్నవా, గెల్చింది! మన బిడ్డ గెల్చింది!" ఆయన భార్య చాచీ లోపలి నుంచి ఉరికొచ్చినట్టుంది, ఫోన్ లాక్కుని, "ఏం వాయించినవ్ బిడ్డా, ఏం వాయించినవ్?" అని అడిగింది. చెప్పడానికి నోరు తెరిచాను కానీ ఏడుపు వచ్చేసింది, వ్యాను తలుపు పట్టుకుని నిలబడి హాయిగా ఏడ్చాను.