చలినీళ్లలో గాలం

చలి ఇంకా పూర్తిగా పోని రోజులవి. వారమంతా ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో ఒకరింటి కారు నడిపే నాకు తెలుగు మాట వినపడేది శుక్రవారం పొద్దున అబూ హలీఫా సముద్రపు ఒడ్డున, రాయచోటి భాయ్ పక్కన గాలం వేసుకొని కూర్చున్నప్పుడే.

మొదట్లో దారం కాస్త కదిలితే చాలు, మా ఊరి పెన్న ఏట్లో లాగినట్టు ఒక్క గుంజు గుంజేవాణ్ణి. ఉత్త గాలం చేతికొచ్చేది.

"ఏం తొందరబ్బా, కఫీల్ పిలుస్తాండాడా?" అని నా యజమానిని గుర్తుచేసి నవ్వేవాడు భాయ్. "నీళ్లు సల్లగుంటే చేపకు బద్దకం. రొయ్య ముక్కను అడుగున పండుకోబెట్టు. అది నోట్లో పెట్టుకొని పొయ్యేదాకా కదలొద్దు."

ఆయనకో పద్ధతి ఉంది. ఇద్దరిలో ఎవరికి ఒక్క చేప పడినా ఆ పూటకు చాలు. గాలాలు చుట్టేసి ఎవరి గదికి వాళ్లం పోవాల్సిందే.

ఆ రోజు ఆయన తన తమ్ముడి పెళ్లిలో బిర్యానీ అడుగంటిన కథ చెబుతున్నాడు. సగంలో ఉండగా నా దారం బరువుగా సాగింది. చేప ఎరను నోట పట్టిందని తెలిసింది. లాగితే ఈ మాటలు ఆగిపోతాయి. చెయ్యి కదల్చలేదు. కాసేపటికి దారం వదులైపోయింది.

"పాయె! ఇంత నిదానం నేను చెప్పలేదే" అన్నాడు భాయ్.

అంతలోనే ఆయన గాలపు కర్ర వంగింది. మెల్లగా లాగి, చేపను సంచిలో వేసుకున్నాడు. కథ మాట మరిచిపోయాడు.

"యల్లా, మళ్లీ శుక్రవారం" అని లేచాడు.

అప్పటికి తొమ్మిది కూడా కాలేదు. సాయంత్రం దాకా నాకు సెలవే.