సార్ అడిగిన ఖాళీ షాట్

మా సార్ పోయారని వాళ్ళావిడ, మా ఆంటీ, ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబ్‌లో లేజర్‌కు కొత్త అద్దం బిగిస్తున్నాను. అద్దం వచ్చిందన్న కబురు ఆ సాయంత్రం ఆయనకు చెప్పాలని పొద్దుటి నుంచి ఆత్రంగా ఉన్నాను. ఇక అద్దం బిగించబుద్ధి కాలేదు.

పీహెచ్‌డీలో నాకు గైడ్ ఆయన. విపరీతమైన వేడికి వాయువు ప్లాస్మాగా మారినప్పుడు అందులో అయస్కాంత క్షేత్రం ఎంతుందో కొలవడమే ఆయన జీవితమంతా పట్టుకున్న పని. ఆ వేడిలో ఏ పరికరం పెట్టినా మిగలదు. అందుకే లేజర్ వెలుగును పంపాలి. అది ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరి, అందులో రవ్వంత బయటికి వస్తుంది. వచ్చే దారిలో ఆ వెలుగు ఊగే దిక్కును క్షేత్రం కాస్త తిప్పుతుంది. ఎంత తిప్పిందో చూసి లెక్క కట్టాలి.

వెలుగుకు ఊగే దిక్కు ఉంటుందని నాకు అర్థమైంది ల్యాబ్‌లో కాదు, మారేడ్‌పల్లి సిగ్నల్ దగ్గర, మండే ఎండలో. తన చలువ కళ్ళద్దాలు నాకిచ్చి, "మెడ జెర పక్కకు వంచి ముంగటి కారు అద్దం చూడు" అన్నారు. తల పక్కకు వంచేసరికి, అప్పటిదాకా కళ్ళద్దాలు ఆపిన మెరుపు కళ్ళలో కొట్టింది. ఆ కళ్ళద్దాలు ఒక దిక్కున ఊగే వెలుగునే లోపలికి రానిస్తాయట. గ్రీన్ పడినా ఆయన స్కూటర్ కదిలించలేదు. వెనక హారన్లే హారన్లు. మీరూ ఎప్పుడైనా చేసి చూడండి, బండి పక్కకు ఆపుకొని.

చిక్కల్లా గోడలతోనే. ప్లాస్మా పాత్ర గోడలకు తగిలిన లేజర్ వెలుగు కూడా దిక్కు మారి, అసలు సంకేతంలా కనిపిస్తుంది. ఒకసారి సార్ ఏళ్ళ తరబడి నమ్మిన ఫలితం గోడ వెలుగేనని తేలింది. అప్పటినుంచి, ప్లాస్మా లేకుండా ఉత్త లేజర్ వేసే ఖాళీ షాట్ చూడనిదే దేన్నీ నమ్మేవారు కాదు. "ఏం లేనప్పుడు ఏం కనబడ్తదో ముందుగాల చూడాలె" అనేవారు. సైనిక్‌పురిలో వాళ్ళింటి దగ్గరి కూరగాయల బండి వద్ద కూడా ఖాళీ కాటా చూపించమనేవారు. ఆ బండాయన సార్ వీధి మలుపు తిరగ్గానే కాటా ఖాళీ చేసి పెట్టేవాడు.

ఆయన పోవడానికి కొన్ని వారాల ముందు మా ఫలితం చూపించడానికి ఇంటికి వెళ్ళాను. అప్పటికే మంచం దిగలేకపోతున్నారు. తాను ఇన్నేళ్ళు వెతికిన ఆ చిన్న తిరుగుడు గ్రాఫ్‌లో కనిపిస్తుంటే సంబరపడతారనుకున్నాను. ఖాళీ షాట్ తీశారా అని అడిగారు. ఆ లోపే లేజర్ అద్దం కాలిపోయిందని, కొత్తది రావాలని చెప్పాను.

"అయితే నేనింకా నమ్మ. జెర జల్దీ తియ్యుండ్రి బిడ్డా, నాకు చూడాలనున్నది" అన్నారు.

ఆయన నోట తొందర అన్న మాట వినడం నాకదే మొదలు. భయమేసింది.

కర్మలు అయ్యాక ఖాళీ షాట్ తీసి, సైనిక్‌పురి వెళ్ళాను. మీ సార్ అడిగింది చేసిన్రా, ఏమొచ్చింది అని అడిగారు ఆంటీ.

"ఏమీ రాలేదు ఆంటీ."

ఆవిడ ముఖం చిన్నబోయింది. "గంత తక్లీఫ్ పడితే ఏం రాలేదా?"

ఏమీ రాకూడదనే కోరుకున్నామని, గోడల నుంచి ఏ వెలుగూ రాలేదు కాబట్టి ముందు మేం చూసింది ప్లాస్మాదేనని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఖాళీ షాట్ బొమ్మ ఉన్న నా ఫోన్‌ను ఆవిడ తీసుకున్నారు. తెర నిండా నలుపు. కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో ఆ నలుపును పెద్దది చేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఓపిగ్గా వెతికారు.

"నిజంగనే ఏం లేదు" అన్నారు. తర్వాత ఫోన్‌ను గోడ మీది సార్ ఫోటో వైపు తిప్పి, చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకున్నారు.